ఓడలో విన్న ‘మా’లు

పక్కింటి కుర్రాడు స్కూలు ప్రాజెక్టు కోసం ఏదో సర్క్యూట్ బోర్డు ముందేసుకుని సోల్డరింగ్ చేస్తున్నాడు. కిటికీలోంచి ఫ్లక్స్ కాలిన వాసన వచ్చింది. ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకుని కిటికీ వేసేశారు. నేను వెళ్లి మళ్లీ తీశాను. వాళ్లకది పొగ. నాకేమో రేడియో రూమ్.

నేను ఓడల్లో రేడియో ఆఫీసర్‌గా పనిచేశాను. ఆ ఉద్యోగం ఏమిటో ఈ కాలం పిల్లలకి ఎంత చెప్పినా ఎక్కదు. నడిసముద్రంలో ఉన్న ఓడకీ, నేల మీద ఉన్న లోకానికీ మధ్య కబురు మోసేవాణ్ణి. కబురంటే గొంతుతో చెప్పేది తక్కువ, మోర్స్‌లో, అంటే పొట్టి, పొడుగు చప్పుళ్లతో అక్షరాలు పంపే పద్ధతిలో, కొట్టేదే ఎక్కువ. నేలకి మరలు బిగించిన బల్ల, దాని మీద మోర్స్ కొట్టే కీ, ఎదురుగా రిసీవర్లు, చెవులకి హెడ్‌ఫోన్స్, వాటిలో ఇరవై నాలుగు గంటలూ కరకర. ఏదైనా పాడైతే బాగుచేయడానికి అక్కడికి ఎవడూ రాడు కాబట్టి సోల్డరింగ్ గన్ కూడా మన చేతిలోనే.

ఓడలో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. కెప్టెన్, చీఫ్, సెకండ్ మేట్, బోసన్, ఆయిలర్, అంతా హోదాలే. నన్ను మాత్రం ఎక్కిన ప్రతి ఓడలోనూ ‘స్పార్క్స్’ అనేవాళ్లు. తొలి రోజుల ట్రాన్స్‌మిటర్లు నిజంగానే నిప్పురవ్వలతో పనిచేసేవి. ఆ యంత్రాలు పోయినా పేరు మిగిలింది.

ఒక్కో ఓడలో ఐదారు దేశాల వాళ్లం ఉండేవాళ్లం. పనంతా ఇంగ్లీషులోనే, అందరిదీ అంతంతమాత్రం ఇంగ్లీషే. కానీ మనిషి ఉలిక్కిపడ్డా, తిట్టినా, నిద్రలో కలవరించినా నోట్లోంచి వచ్చేది సొంత భాషే. అలా నా చెవిన పడ్డవాటిలో ఒక్క మాట మాత్రం ఏ ఓడ ఎక్కినా ఎదురయ్యేది. ‘మా’. మనం రోజుకి వందసార్లు అనే మాటే. అక్కడ ఒక్కో నోట్లో ఒక్కో అర్థం.

*

సెకండ్ మేట్ బర్మా మనిషి. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, కాపలా డ్యూటీ అతనిది. నా డ్యూటీ అయిపోయినా నిద్ర పట్టకపోతే వెళ్లి అతని పక్కన నిలబడేవాణ్ణి. రాత్రిపూట బ్రిడ్జి మీద దీపాలు వేయరు. రాడార్ తెర వెలుగు, దిక్సూచి దగ్గర ఒక చిన్న బల్బు, అంతే. మొహాలు కనపడవు కాబట్టి మాటలు బాగా వినపడతాయి.

అతన్ని ఏది అడిగినా మొదట ‘మ థి బూ’ అనేవాడు. తెలియదు అని అర్థం. ఆ తర్వాత తీరిగ్గా మొత్తం చెప్పేవాడు! ‘థి’ అంటే తెలియడం. ముందు ‘మ’, వెనక ‘బూ’ తగిలిస్తే లేదు, కాదు. అలా ‘మ’ అంటే కాదు అని నేను ఖాయం చేసుకున్నాక, ఒకరోజు వాళ్ల చెల్లెలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కవరు వెనక ఆ అమ్మాయి పేరు ముందు కూడా ‘మ’ ఉంది.

“ఇదేంటి, మీ చెల్లెలి పేరులోనే కాదు అని ఉంది?” అన్నాను.

పగలబడి నవ్వాడు. అది వయసులో ఉన్న ఆడపిల్లల పేర్ల ముందు మర్యాదగా పెట్టే మాటట. రాస్తే రెండూ ఒకటే అక్షరం. పలకడంలోనే తేడా. లేదు అనే ‘మ’ తేలిగ్గా జారిపోతుంది, మర్యాదది నొక్కి పడుతుంది. ఆ రెండూ విడివిడిగా పలికి చూపించాడు. నా చెవికి తేడా తెలియడానికి చాలా రాత్రులు పట్టింది.

అరబ్బీలో కూడా ‘మా’ అంటే కాదు, లేదు. సూయజ్ కాలువలో ఓడకి దారి చూపడానికి ఎక్కే పైలట్లు దేనికైనా ‘మాఫీ ముష్కిలా’ అనేవాళ్లు. సమస్యేం లేదు అని. గల్ఫ్‌లో పనిచేసొచ్చిన తెలుగువాళ్లకి ఇది కొత్త కాదు. అక్కడికి వెళ్లిన మొదటి వారంలో ‘మాఫీ’ అనగానే రుణమాఫీ గుర్తొచ్చి సంతోషపడ్డవాళ్లు ఉన్నారు. మన మాఫీ కూడా అరబ్బీ మూలం ఉన్నదే గానీ ఆ మాట వేరు. ఇక్కడ ‘మా’ అంటే లేదు, ‘ఫీ’ అంటే అందులో, కలిపితే ‘ఏమీ లేదు’. అదే అరబ్బీ ‘మా’ ప్రశ్నలో పడితే ‘ఏమిటి’ అవుతుంది. హీబ్రూలోనూ ‘మా’ అంటే ఏమిటి అనే. ఆ రెండు భాషలూ ఒక ఇంటివి కాబట్టి అందులో వింత లేదు. బర్మీస్‌కీ అరబ్బీకీ మాత్రం ఏ చుట్టరికమూ లేదు. అయినా రెండిట్లోనూ కాదు అనడానికి అదే మాట దొరికింది.

సెకండ్ మేట్‌కి ఇది చెప్తే, “మీ వాళ్లలో ‘మా’ అంటే ఏమిటి?” అన్నాడు.

అప్పుడు నాకు స్కూలు గుర్తొచ్చింది.

*

మా తెలుగు మేష్టారు వాల్మీకి కథ చెప్తున్నారు. వేటగాడు క్రౌంచ పక్షిని కొట్టడం, వాల్మీకి నోట శ్లోకం రావడం. ఆయన కళ్లు మూసుకుని రాగం తీశారు: “మా నిషాద ప్రతిష్ఠాం త్వమగమః శాశ్వతీః సమాః...”

వెనక బెంచీవాడు లేచి, “సార్, మా నిషాదుడు అన్నాడంటే వాల్మీకికి చుట్టమా అండీ?” అన్నాడు.

మేష్టారు నవ్వాపుకోలేక, “వద్దురా, వద్దు!” అన్నారు. వాడు పాపం ప్రశ్నలు అడగొద్దంటున్నారేమో అని గబుక్కున కూర్చున్నాడు. “నువ్వు కాదురా, ఆ ‘మా’కి అర్థం వద్దు అని!” క్లాసు ఘొల్లుమంది. తర్వాత ఆయన హుషారులో పడి, సంస్కృతంలో మా అంటే లక్ష్మీదేవి కూడా, అందుకే ఆమె భర్త మాధవుడు అని చెప్పారు. అంటే మేం ‘మా మాధవుడు’ అంటే అందులో ఎన్ని మాలున్నాయో లెక్కపెట్టమన్నారు. ఆ పీరియడ్‌లో ఇంకేం పాఠం జరగలేదు.

ఆ సంగతి ఎన్నో ఏళ్లకి ఒక గ్రీకు కెప్టెన్ దగ్గర పనికొచ్చింది. ఆయన ప్రతి వాక్యమూ ‘మా’తోనే మొదలుపెట్టేవాడు. ‘మా... స్పార్క్స్...’ అంటే, ‘కానీ స్పార్క్స్...’ అని. నేనేం చెప్పినా ముందు ఒక ‘కానీ’ వచ్చేది. ఒట్టు పెట్టుకునేటప్పుడు కూడా గ్రీకులు ‘మా’ అంటారు, దేవుడి మీద ఒట్టు అనడానికి. ఇటాలియన్‌లోనూ ‘మా’ అంటే కానీ. ఇదేమీ యాదృచ్ఛికం కాదు. ఇటలీ వాళ్లతో శతాబ్దాల ఓడ వ్యాపారం ఉన్న గ్రీకులు ఆ మాట వాళ్ల దగ్గర్నుంచే తెచ్చుకున్నారు.

ఆయనకి కోపమొస్తే మాట మారేది. డెక్ మీద ఎవడైనా తాడు వదిలేయబోతుంటే పైనుంచి ‘మీ!’ అని గట్టిగా ఒక్క అరుపు. నేను మొదటిసారి విని, ‘మా వాళ్ల సంగతేంటి, మీ వాళ్ల సంగతేంటి’ అన్న తెలుగు పంచాయితీ అనుకున్నాను. గ్రీకులో ‘మీ’ అంటే వద్దు, చేయకు. పాత గ్రీకులో అది ‘మే’ అని పలికేవారు. మా మేష్టారి ‘మా నిషాద’లోని ‘మా’కీ ఈ ‘మీ’కీ పుట్టిల్లు ఒకటే. సంస్కృతం, గ్రీకు ఒక కుటుంబంలోవి కదా.

ఇక్కడ నాకు ఆశ్చర్యం వేసింది. సంస్కృతం ‘మా’, బర్మీస్ ‘మ’, అరబ్బీ ‘మా’ చెవికి ఒకేలా ఉన్నాయి, అర్థమూ దగ్గరదే, చుట్టరికం సున్నా. చెవికి వేరుగా ఉన్న గ్రీకు ‘మీ’ మాత్రం సొంత చుట్టం. రేడియోవాణ్ణి కదా, చెవిని నమ్ముకుని బతికినవాణ్ణి. చెవి సాక్ష్యం ఇంతగా చెల్లకపోవడం మింగుడుపడలేదు.

గ్రీకువాళ్ల ‘నే’ గురించి కూడా చెప్పాలి గానీ మొదలుపెడితే తెమలదు. వాళ్లకి ‘నే’ అంటే అవును. కొరియావాళ్లకీ అవునే. బల్గేరియావాళ్లకి మాత్రం ‘నే’ అంటే కాదు అని. ఈ ముగ్గురూ ఒకే ఇంజన్ రూములో ఉంటే టెన్షన్ ఎలా ఉంటుందో మీ ఊహకే వదిలేస్తున్నా. అందుకే ఓడల మీద ఆర్డరు ఇస్తే, విన్నవాడు అవును అనడు. ఆ ఆర్డరునే తిరిగి అప్పజెప్పాలి. ‘హార్డ్ ఎ పోర్ట్’ (చుక్కాని పూర్తిగా ఎడమకి) అంటే ‘హార్డ్ ఎ పోర్ట్’ అనాలి.

*

సెకండ్ మేట్ అడిగినదానికి జవాబు చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదు. ‘మా’ అంటే ‘అవర్’ అన్నాను. “మరి మొన్న మీ ఊరి కుర్రాడితో ఫోన్లో మాట్లాడుతూ ‘మన’ అన్నావే, అదీ అవరే అన్నావుగా?” అన్నాడు. అతని చెవి అంత చురుకు.

ఎదుటివాణ్ణి కలుపుకుంటే మన, వదిలేస్తే మా. ఇంత చిన్న విషయం మెస్ రూమ్‌లో కూర్చుని ఇంగ్లీషులో చెప్పబోతే గంట పట్టింది. గ్రీకు కెప్టెన్‌కి అర్థమైంది గానీ, “మా... దాని అవసరమేంటి?” అన్నాడు. కలుపుకుంటున్నామో లేదో సందర్భాన్ని బట్టి తెలుస్తుంది కదా అని ఆయన వాదన.

మూలనున్న ఫిలిప్పినో బోసన్ తల కూడా ఎత్తకుండా, “అమిన్, ఆటిన్” అన్నాడు. అందరం అటు తిరిగాం. వాళ్ల టగలోగ్‌లో ‘అమిన్’ అంటే మా, ‘ఆటిన్’ అంటే మన. ‘కామి’ అంటే మేము, ‘తాయో’ అంటే మనం. నేను గంటసేపు చెప్పలేకపోయినదాన్ని రెండు మాటల్లో తేల్చేశాడు. మన భాషతో చుట్టరికం లేని భాష. లోపలి లెక్క మాత్రం అచ్చంగా మన లెక్కే. ఇండోనేషియా వాళ్లకీ ఉంది ఈ తేడా, ‘కామి’, ‘కీతా’ అని.

ఆ రోజు నుంచి బోసన్ నాతో మాట్లాడేటప్పుడు ‘అవర్’ అన్నప్పుడల్లా వేలితో ఒక సున్నా గీసేవాడు. సున్నాలో నేనుంటే ఆటిన్, బయటుంటే అమిన్. ఓవర్‌టైమ్ డబ్బుల విషయంలో నేనెప్పుడూ సున్నా బయటే! పెయింటు పని దగ్గర మాత్రం లోపలికి లాగేవాడు.

*

టెలిగ్రామ్‌ల సంగతి చెప్పకుండా ఈ కథ నడవదు.

టెలిగ్రామ్‌కి మాటకింత అని లెక్క. అందుకని జనం మాటలు పిసినారిగా వాడేవాళ్లు. పుట్టుకలూ చావులూ మూడేసి మాటల్లో అయిపోయేవి. ఎవరి భాషలో వాళ్లు, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చేవాళ్లు. నాకు అర్థం తెలియని మాటలు అక్షరం అక్షరం కొట్టేవాణ్ణి. నిజానికి అర్థం తెలియకపోవడమే మేలు. సగం తెలిసిన ఆపరేటర్ చేయి ఊరుకోదు, సరిదిద్దబోతుంది.

ఒక ఓడలో దక్షిణ వియత్నాం నుంచి వచ్చిన ఫిట్టర్ ఉండేవాడు. అతని తల్లికి ఆపరేషన్ జరిగింది. కబురు కోసం రోజూ నా గుమ్మం దగ్గర నిలబడేవాడు, లోపలికి రాడు, అడగడు. ఒక సాయంత్రం ఒడ్డునున్న కోస్ట్ స్టేషన్ చదివిన జాబితాలో మా ఓడ కాల్ సైన్, అంటే ఓడని గుర్తుపట్టే అక్షరాలు, వినపడింది. తీసుకున్నాను. రెండే మాటలు: ‘మ ఖొఎ’. రాసి ఇచ్చాను. అతను కాగితం చూసి, తలకిందులుగా తిప్పి చూసి, నా మొహం చూశాడు.

“దయ్యం గొప్పలు చెప్పుకుంటోందట,” అన్నాడు.

వియత్నామీస్‌లో స్వరం మారితే మాట మారిపోతుంది. స్వరం ఎత్తకుండా దించకుండా పలికితే ‘మ’ అంటే దయ్యం. పైకెత్తితే దక్షిణాదివాళ్లకి అమ్మ. కిందికి దించితే కానీ. ఇంకోలా వంచితే సమాధి, మరోలా తుంచితే వరినారు. మోర్స్‌లో స్వరం ఎక్కడిది? అందుకని వాళ్లు ఒక ఉపాయం పట్టారు. మాట చివర స్వరానికి గుర్తుగా ఒక ఇంగ్లీషు అక్షరం తగిలిస్తారు. ‘ఎస్’ తగిలిస్తే ఎత్తిన స్వరం, ‘ఎఫ్’ తగిలిస్తే దించినది, అలా ‘ఆర్’, ‘ఎక్స్’, ‘జె’. వాళ్ల ఇంటివాళ్లు పంపింది ‘ఎం ఎ ఎస్’, ‘కె హెచ్ ఓ ఇ ఆర్’. అమ్మ బాగుంది అని. దారిలో ఎవరో చేయి తిరిగిన ఆపరేటర్, చివర ఎస్, ఆర్ చూసి ఇవేవో తప్పులనుకుని కత్తిరించినట్టున్నాడు. ఎస్ పోయి అమ్మ దయ్యమైంది. ఆర్ పోయి బాగుండటం గొప్పలకి పోవడమైంది.

తిరిగి పంపమని అడిగాను. ఆ రాత్రి వాతావరణం బాగాలేదు, కరకరలో పడి చాలాసేపు పట్టింది. చివరికి ఎస్ వచ్చింది, ఆర్ వచ్చింది. ఫిట్టర్ ఇంజన్ రూముకి పరుగెత్తాడు. ఆ తర్వాత కొన్ని రోజులు ఇంజన్ రూమ్ అంతా ఎవడైనా గొప్పలు పోతే ‘మ ఖొఎ’ అనేవాళ్లు. ఫిట్టరే నేర్పాడు.

నాకు సంతోషం కలిగించే విషయం, ఆ పద్ధతి చావలేదు. మోర్స్ పోయింది, టెలిగ్రామ్ పోయింది. వియత్నాం వాళ్లు ఇవాళ సెల్‌ఫోన్‌లో టైపు చేసేటప్పుడు కూడా చాలామంది అవే ఎస్‌లూ ఎఫ్‌లూ కొడుతున్నారు. ఆ కీబోర్డు పేరే టెలెక్స్.

చైనావాళ్లది ఇంకో దారి. మాండరిన్ ‘మా’ల సంగతి అందరూ చెప్పేదే: ఒక స్వరంలో అమ్మ, ఒకదాంట్లో గుర్రం, ఇంకోదాంట్లో తిట్టడం, మరోదాంట్లో జనుములాంటి నార మొక్క, వాక్యం చివర తేలిగ్గా తగిలిస్తే ప్రశ్న. టెలిగ్రామ్‌కి వచ్చేసరికి వాళ్లు ధ్వని జోలికే పోలేదు. ప్రతి అక్షరానికీ నాలుగంకెల సంఖ్య. పెద్ద కోడ్ పుస్తకం. అమ్మకో నంబరు, గుర్రానికో నంబరు. చైనా కుక్ తన టెలిగ్రామ్ తీసుకుని పుస్తకం ముందేసుకుని, ఒక్కో సంఖ్యా వెతుక్కుంటూ చదువుకోవడం చూస్తే లెక్కల పరీక్ష రాస్తున్నాడనిపించేది.

*

రేడియో రూమ్ గడియారం ఇళ్లల్లో ఉండే గడియారం కాదు. దాని ముఖం మీద ఎర్రరంగు ముక్కలు రెండు, పచ్చరంగు ముక్కలు రెండు ఉండేవి. ప్రతి గంటలో పదిహేనో నిమిషం నుంచీ, నలభై ఐదో నిమిషం నుంచీ మూడేసి నిమిషాలు ఎర్రవి. ఆ సమయంలో 500 కిలోహెర్ట్జ్ మీద ప్రపంచంలో ఏ ఓడా, ఏ స్టేషనూ నోరెత్తకూడదు. ఎక్కడైనా మునిగిపోతున్న ఓడ బలహీనంగా పిలుస్తుంటే వినపడాలని. పచ్చవి 2182 కిలోహెర్ట్జ్ మీద గొంతుతో పిలిచేవాళ్ల కోసం. అప్పటిదాకా సంతలా ఉన్న బ్యాండ్ టక్కున ఆగిపోయేది. నాకు ఆ ఉద్యోగంలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ మూడు నిమిషాలే.

ఒక రేవులో రాడార్ బాగుచేయడానికి జపాన్ టెక్నీషియన్ వచ్చాడు. పని మధ్యలో గడియారం వైపు చూసి, ఎర్రముక్క మీద వేలు పెట్టి, “మా” అన్నాడు. నేను నవ్వుతూ ‘మీకూ ఉందా?’ అన్నాను. అతను కాగితం మీద ఒక అక్షరం గీశాడు. రెండు తలుపుల గుమ్మం, మధ్యలో సూర్యుడు. తలుపుల సందులోంచి వెలుగు రావడం అన్నమాట. ‘మా’ అంటే ఆ సందు. రెండిటి మధ్య ఎడం, ఆగిన సమయం.

అతను వెళ్లాక నేను ఊరికే కీ మీద మా కొట్టి చూశాను. మోర్స్‌లో ‘డి’ అంటే పొట్టి చప్పుడు, అంటే చుక్క, ‘డా’ అంటే పొడుగుది. ‘ఎం’ అంటే డా డా. ‘ఎ’ అంటే డి డా. అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు చుక్కలంత విరామం ఇవ్వాలి. ఆ విరామం ఇవ్వకుండా కొట్టేస్తే డా డా డి డా. అది ‘క్యూ’! ట్రైనింగ్‌లో మా ఇన్‌స్ట్రక్టర్ కర్రతో బల్ల మీద కొడుతూ “గ్యాప్, గ్యాప్!” అని అరిచేది ఇందుకే. ఎడం ఉంటే మా, లేకపోతే మా లేదు.

పైగా ఆ క్యూ ఏ అక్షరం? 1912లో లండన్‌లో జరిగిన రేడియో టెలిగ్రాఫ్ సమావేశంలో భాషల బెడద లేకుండా ఉండటానికి క్యూ కోడ్‌లు పెట్టుకున్నారు. క్యూతో మొదలయ్యే మూడక్షరాలు. ‘క్యూ టి హెచ్’ అంటే ఎక్కడున్నావు, ‘క్యూ ఆర్ ఎం’ అంటే ఎవరో అడ్డొస్తున్నారు. ఏ దేశం ఆపరేటర్‌కైనా అర్థం ఒకటే. అందరి దగ్గరా అన్ని రకాలుగా మారిపోయే ‘మా’, విరామం తీసేస్తే, ఎవరి దగ్గరా మారని క్యూ అయిపోతుంది. ఇది ఎవరికి చెప్పినా ‘అయితే ఏంటి’ అంటారు. రేడియోవాళ్లు మాత్రం కాసేపు మాట్లాడకుండా బల్ల మీద వేలితో కొట్టి చూసుకుంటారు.

*

సోవియట్ యూనియన్ విడిపోయిన కొత్తల్లో జార్జియా నుంచి కుర్రాళ్లు చాలామంది ఓడలెక్కారు. మాకొక ఆయిలర్ వచ్చాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. మొదటి తుపానులో రాత్రంతా ‘మామా, మామా’ అని కలవరించాడు. పొద్దున్న అందరూ అతన్ని జాలిగా చూశారు, పాపం పిల్లాడు తల్లిని తలుచుకుంటున్నాడని. నేనైతే మేనమామ అనుకున్నాను. రెండూ కాదు. జార్జియన్‌లో ‘మామా’ అంటే నాన్న. అమ్మేమో ‘దేదా’. వాళ్ల నాన్న కూడా ఓడల్లో పనిచేసినవాడే. తుపానులో ఎవర్ని పిలవాలో వాడికి బాగా తెలుసు.

ఇది నాకు చాలాకాలం అడ్డం తిరిగింది. ప్రపంచమంతా అమ్మకి ‘మ’ ఉందంటారు కదా? తర్వాతెప్పుడో, రోమన్ యాకోబ్సన్ అనే భాషావేత్త 1960 ప్రాంతంలో రాసినది చదివాక కాస్త తేరుకున్నాను. పాలు తాగే పిల్ల నోరు మూసుకుని ఉంటుంది, ముక్కులోంచి ‘మ్’ అని గునుస్తుంది. నోరు తెరిస్తే ‘ఆ’. అది ఏ భాషా కాదు, నోటి కట్టడి. దానికి అర్థం అంటగట్టేది పెద్దవాళ్లు. దగ్గర ఎక్కువగా ఉండేది తల్లి కాబట్టి చాలా చోట్ల ఆ మాట తల్లి తీసుకుంది. జార్జియాలో తండ్రి తీసుకున్నాడు. జపాన్‌లో ఇప్పుడు అమ్మని ‘హహ’ అంటారు, బాగా పాతకాలానికి వెళ్తే అది ‘పప’! మోహాక్‌లాంటి కొన్ని ఉత్తర అమెరికా భాషల్లో అసలు ‘మ’ ధ్వనే లేదు. వాళ్ల పిల్లలూ గునుస్తారు, పెద్దవాళ్లే దాన్ని మాటగా పట్టించుకోరు.

*

1999 ఫిబ్రవరి 1 నుంచి ఓడల మీద మోర్స్ అవసరం లేదన్నారు. ఉపగ్రహాల పద్ధతి వచ్చింది. కొత్త పెట్టె మీద ఒక ఎర్ర బటన్, దానికో మూత. ఆపదొస్తే మూత తీసి నొక్కితే చాలు, ఓడ పేరూ ఉన్న చోటూ అదే చెప్పుకుంటుంది. మంచిదే, ప్రాణాలు కాపాడేది ఏదైనా మంచిదే. మా రేడియో రూమ్‌ని స్టోర్ రూమ్ చేశారు. గడియారం మాత్రం గోడకే ఉంది, ఎర్రముక్కలతో సహా. ఎవరూ దాన్ని చూసి నోరు మూసుకోరు.

ఒడ్డుకొచ్చాక తీరిక దొరికి భాషల పుస్తకాలు పట్టుకున్నాను. అక్కడ తెలిసింది, నా ‘మా’ల పిచ్చి కొత్తదేం కాదని. ఆస్ట్రేలియాలో ఆర్.ఎం.డబ్ల్యూ. డిక్సన్ అనే ఆయన ఎంబాబరం అనే భాష మాట్లాడే పెద్దాయన్ని వెతికి పట్టుకుని, మీ భాషలో కుక్కని ఏమంటారని అడిగితే ‘డాగ్’ అన్నాడట. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నదేమో అంటే కాదు, ఆ చుట్టుపక్కల భాషల్లో ‘గుడగ’ అనే పాత మాట అరిగి అరిగి అలా అయింది. ఇంగ్లీషు ‘బ్యాడ్’కీ పర్షియన్ ‘బద్’కీ ధ్వని దగ్గరే, అర్థమూ ఒకటే, బంధం లేదు. మన బద్మాష్‌లో ఉన్నది ఆ పర్షియన్ బద్.

దాదాపు 7,000 భాషలున్నాయంటారు. నోటికి తేలిగ్గా వచ్చే హల్లులు పదో పన్నెండో, అచ్చులు ఐదు. ఒక హల్లూ ఒక అచ్చూ కలిపితే అరవై మాటలకి మించవు. ఏడు వేల భాషలు ఆ అరవైనీ పంచుకోవాలి. ఢీకొనకపోతేనే వింత.

అసలైన చుట్టరికం ఎలా ఉంటుందంటే కన్నడంలా ఉంటుంది. మన పులి వాళ్లకి హులి. పాలు హాలు. పాము హావు. పూవు హూవు. పండు హణ్ణు. ఒక్క మాట కూడా అచ్చంగా ఒకేలా లేదు, కానీ మాట మొదట్లో మన ‘ప’ ఉన్నచోటల్లా వాళ్ల ‘హ’ తప్పకుండా హాజరు. ఆ తప్పకపోవడం చూసి నమ్మాలి. అర్మేనియన్‌లో రెండుని ‘ఎర్కు’ అంటారు. అది మన సంస్కృతం ‘ద్వి’కి చుట్టమంటే ఎవరు నమ్ముతారు? కానీ చుట్టమే, ఆ భాష మిగతా మాటల్లోనూ అదే మార్పు చూపించి నిరూపించారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా పాత బ్యాచ్‌మేట్ ఒకడున్నాడు, వాడూ రేడియో ఆఫీసరే, తెలుగువాడే. వారానికోసారి ఫోన్‌కి ఏదో ఒకటి పంపుతాడు. కొరియన్‌లో అమ్మని ‘అమ్మా’లాగే ‘ఒమ్మా’ అంటారు, నాన్నని ‘అప్పా’ అంటారు, కాబట్టి కొరియన్ భాష మన దగ్గర్నుంచే వెళ్లింది, అని మొన్న ఒకటి. యాకోబ్సన్ సంగతి చెప్పాను. ఎక్కలేదు. ఫోన్ చేసి పులి-హులి అంతా వివరించాను. అరవై మాటల లెక్క చెప్పాను. దయ్యం గొప్పలు చెప్పుకోవడం కూడా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

చివరికి, “అదంతా సరేరా, నువ్వెన్నయినా చెప్పు, ఎంతైనా మా తెలుగు గొప్పదే,” అన్నాడు.

“ఒరేయ్, నాతో మాట్లాడుతూ ‘మా’ తెలుగేంట్రా?” అన్నాను.